కెప్టెనమ్మ ఎవరినీ మునగనివ్వలేదు

సముద్రం మీద సాహస నవలలు రాసేవాళ్ళకి మనుషుల ప్రాణాలంటే బొత్తిగా లెక్కలేదు. అధ్యాయానికి ఒకడినైనా ముంచకపోతే వాళ్ళకి అన్నం సయించదు కాబోలు. తుఫాను వచ్చిందంటే చాలు, కథానాయకుడినీ అతని ప్రాణస్నేహితుడినీ ఒడ్డున పడేసి, మిగతావాళ్ళందరినీ ఒక్క వాక్యంలో నీళ్ళపాలు చేసి చేతులు దులుపుకుంటారు. ఆ మిగతావాళ్ళకీ ఇళ్ళుంటాయని, ఆ ఇళ్ళలో ఎవరో గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారని వాళ్ళకి తోచదు. రేవు పక్కన వలలు బాగుచేసే షెడ్డులో ఆ పుస్తకాలు చదివి వినిపించే కెప్టెనమ్మకి మాత్రం అది తోచింది. అందుకే ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ ఒక్కడు కూడా మునగలేదు.

కెప్టెనమ్మ అన్నది షెడ్డులో ఆడవాళ్ళు పెట్టిన పేరు. నిజానికి ఆమె పడవ ఎక్కితే చాలు, కడుపులో తిప్పేసే మనిషి. పెళ్ళైన కొత్తలో భర్త సరదాపడి, రేవు దాటి నాలుగు అలల అవతల దాకా తీసుకెళ్ళాడు. ఆయన పడవ నడిపే సరంగు, ఊరందరికీ ఆయన పనితనం మీద గురి. ఆవిడ మాత్రం పడవ అంచు పట్టుకుని పొద్దున తిన్నదంతా సముద్రానికి అప్పగించి వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ పడవ మొహం చూడలేదు. ఆయన సముద్రంలో పోలేదు. కామెర్లు ముదిరి, శుభ్రంగా మంచం మీద, భార్య చేతిలో చెయ్యి పెట్టి పోయాడు. ఆ రేవులో అలా పోవడం కూడా ఒక అదృష్టమేనని అందరూ అన్నారు. కెప్టెనమ్మకి ఆ మాట నచ్చలేదు గానీ, కాదనలేకపోయింది.

వల బాగుచేయడంలో ఆవిడ వేగం ఎవరికీ ఉండేది కాదు. ఆ షెడ్డు రేకుల కప్పుతో పొడుగ్గా ఉంటుంది. ఈ చివరి నుంచి ఆ చివరికి దూలాలకి వలలు వేలాడుతుంటాయి. ఒక్కొక్కరు ఒక్కో చిరుగు ముందు కూర్చుని, సూదికి చుట్టిన దారంతో తెగిన కన్ను తర్వాత కన్ను అల్లుకుంటూ పోతారు. తడి దారాన్ని ఏళ్ళ తరబడి బిగించి లాగినందుకు కెప్టెనమ్మ వేళ్ళు కొయ్యబారిపోయాయి. పొద్దున్నే గిన్నె మూత తియ్యాలన్నా వేళ్ళు మాట వినేవి కావు. ఇక ఈవిడ పనికిరాదని యజమాని తేల్చేశాడు. అప్పుడు షెడ్డులో ఆడవాళ్ళే అడ్డం పడ్డారు. ఆవిడ వంతు వలలు మేం పంచుకుంటాం, ఆవిడ కూర్చుని మాకు కథలు చదువుతుంది అన్నారు. “ఇది వలల షెడ్డా, గ్రంథాలయమా?” అని యజమాని ఎగిరిపడ్డాడు. తీరా చూస్తే పని రెట్టింపు వేగంతో సాగింది. కథ మధ్యలో టీ తాగడానికి ఎవరూ లేవడం లేదు మరి. నెల తిరిగేసరికి ఆయనే ఏదో పనున్నట్టు చదివే వేళకి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

రేవులో ఉండేవాళ్ళకి సముద్రం కథలెందుకని మీరు అడగొచ్చు. మగవాళ్ళు వేట నుంచి వచ్చి ఏం చెప్తారు? “చేప పడింది”, “చేప పడలేదు”, అంతే. మిగతాది తెలుసుకోవాలంటే పుస్తకాలే దిక్కు. అద్దె పుస్తకాల షాపు నుంచి, అట్ట మీద ఓడా, మెరుపూ, కత్తి పట్టుకున్న మీసాలవాడూ ఉన్న నవల ఏది కనిపిస్తే అది కెప్టెనమ్మ తెచ్చేది.

మొదటి పుస్తకంలోనే దెబ్బ తగిలింది. తుఫానులో ఓడ వంటవాడు అల దెబ్బకి కొట్టుకుపోయాడని ఆమె ఉన్నది ఉన్నట్టు చదివేసింది. ఎదురుగా కూర్చున్న ఒకావిడ సూది కింద పెట్టి, లేచి, రేవు గట్టు మీదకి వెళ్ళి నిలబడింది. ఆవిడ భర్త ఆ రోజు వేటలో ఉన్నాడు. ఆ వెనకే ఇంకొకావిడ లేచింది. చూస్తుండగానే షెడ్డు ఖాళీ అయింది. మర్నాడు కెప్టెనమ్మ పుస్తకం తెరిచి, ఏమీ ఎరగనట్టు, “వంటవాడు తాడు గట్టిగా పట్టుకునే ఉన్నాడు, మిగతావాళ్ళు అతన్ని పైకి లాగారు” అని చదివింది. నిన్న పోయినవాడు ఇవాళ ఎలా వచ్చాడని ఒక్కరూ అడగలేదు. అందరి చేతులూ చకచకా కదిలాయి.

అప్పటి నుంచి అదే పద్ధతి. ఎవరైనా మునగబోతుంటే కెప్టెనమ్మ వేలు తడి చేసుకుని, పేజీ అతుక్కుపోయినట్టు కాసేపు తంటాలు పడేది. ఆలోపు వాడికి ఒక చెక్కముక్కో, వేరే ఓడో చూసిపెట్టేది. బతికించడం తేలికే, ఆ తర్వాతే అసలు గొడవ. రచయిత దృష్టిలో వాడు చచ్చాడు కాబట్టి మిగతా పుస్తకంలో వాడి ఊసే ఉండదు. వినేవాళ్ళేమో ఊరుకోరు. అందుకని వాళ్ళందరినీ జ్వరంతో ఓడ లోపలి గదిలో పడుకోబెట్టేది. షెడ్డులో నోరు మూతపడని ఒకావిడ ఉంది, ఆవిడని రేడియో అంటారు. ఒకరోజు రేడియోకి చిర్రెత్తింది.

“ఏం ఓడ ఇది కెప్టెనమ్మా! పైన తిరిగేవాళ్ళు ఇద్దరు, కింద జ్వరంతో మూలిగేవాళ్ళు ఇరవై మంది. ఓడా, ఆసుపత్రా?”

“సముద్రపు గాలి అందరికీ పడొద్దూ?” అంది కెప్టెనమ్మ.

మరుసటి పుస్తకం నుంచి వాళ్ళని దీవులకి తరలించింది. మునిగినవాడల్లా ఏదో ఒక దీవికి కొట్టుకుపోయి, కాయలు తిని బతికి, చివరి అధ్యాయంలో చిక్కిపోయి గడ్డంతో ఇల్లు చేరేవాడు. ఈ గుట్టు తెలిసినవాడు ఒక్కడే, అద్దె పుస్తకాల షాపాయన. గడువు దాటిన పుస్తకం కోసం ఒకసారి షెడ్డుకి వచ్చి, తాను ముచ్చటగా మూడుసార్లు చదివిన నవలలో చచ్చిన దొంగ దీవిలో కొబ్బరికాయలు అమ్ముకుంటున్నాడని విని గుడ్లు తేలేశాడు. కానీ పెద్దమనిషి, బయటపెట్టలేదు. పుస్తకం తిరిగిచ్చినప్పుడల్లా, “ఈసారి ఎంతమందిని గట్టెక్కించారు?” అని మాత్రం మెల్లగా అడిగేవాడు.

కెప్టెనమ్మకి ఒక్కడే కొడుకు. తండ్రి పోయాక అతనూ పడవల మీదకే వెళ్ళాడు. “అమ్మా, మీ పుస్తకాల్లో ఓడలన్నీ నిధుల కోసమే తిరుగుతాయేం? ఒక్కడూ చేపలు పట్టడా?” అని ఏడిపించేవాడు. పెళ్ళి చేసింది. కోడలు పదో తరగతి దాకా చదువుకున్న పిల్ల, మిషను మీద బట్టలు కుట్టడం కూడా వచ్చు. చదువు వచ్చినా పుస్తకం జోలికి పోయేది కాదు. “అత్తయ్య నోటితో వింటేనే బాగుంటుంది” అంటూ షెడ్డులో వల ముందు కూర్చునేది. అత్తాకోడళ్ళ మధ్య చిన్న చిన్న చిటపటలు లేకపోలేదు గానీ, పనికి ఇద్దరూ కలిసే వెళ్ళేవారు, కలిసే వచ్చేవారు.

ఆ ఏడాది వానలకి ముందు ఆఖరి వేటకి వెళ్ళిన పడవలన్నీ తిరిగొచ్చాయి, కొడుకు వెళ్ళిన పడవ తప్ప. అది బోర్లాపడి తేలుతూ వేరే రేవువాళ్ళకి కనిపించింది. ఆ పడవ సరంగూ, ఇంకొకతనూ ఒడ్డుకు కొట్టుకొచ్చారు. ప్రాణాలతో కాదు. మిగతావాళ్ళ జాడ దొరకలేదు. కెప్టెనమ్మకి ఆ రోజే తెలిసిపోయింది. అన్నేళ్ళు సరంగు భార్యగా బతికిన మనిషికి ఇంకొకరు విడమరిచి చెప్పాలా? కానీ ఆ మాట పైకి అంటే తనే కొడుకుని చేతులారా ముంచినట్టు అవుతుందనిపించింది. ఏడవకుండా, నోరు విప్పకుండా కూర్చుండిపోయింది.

షెడ్డులో ఆడవాళ్ళు మాత్రం చాలా మాట్లాడారు. వాళ్ళంతా ఆ నీళ్ళ పక్కన పుట్టి పెరిగినవాళ్ళే. వేరే రేవు పడవకి ఇలా జరిగితే “అయ్యో పాపం” అని ఒక నిట్టూర్పుతో తేల్చేసేవాళ్ళు. తమ పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి, కళ్ళతో చూసింది వదిలేసి చెవులతో విన్నదాన్ని పట్టుకున్నారు. ఏ పెద్ద ఓడవాళ్ళో ఎక్కించుకుని ఉంటారు అంది ఒకావిడ. మతి తప్పి ఊరి పేరు మరిచిపోయి ఉంటాడు అంది ఇంకొకావిడ. రేడియో అయితే నేరుగా రేవు ఆఫీసుకే వెళ్ళింది.

“బాబూ, ఆ పడవ బోర్లాపడిన వైపు దీవులేమున్నాయి?” అని గుమాస్తాని అడిగింది.

“దీవులా? ఆ వైపు ఏ దీవులూ లేవమ్మా.”

“సరిగ్గా చూడు బాబూ. చిన్నదైనా పరవాలేదు. నాలుగు కొబ్బరిచెట్లుంటే చాలు.”

ఆ గుమాస్తా విసుక్కోకుండా గోడ మీది మ్యాపు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. అటంతా నీలమే. రేడియో తిరిగొచ్చి, “వాళ్ళ దగ్గరున్నది పాత మ్యాపు” అని షెడ్డంతా చాటింది. కోడలు ఆ మాటకి తల ఊపింది. ఆ దీవులు ఎక్కడి నుంచి వచ్చాయో కెప్టెనమ్మకి తెలుసు.

వానలు వెళ్ళాయి, ఎండలు వచ్చాయి, మళ్ళీ వానలు వచ్చాయి. ఇల్లు కారుతోంది, వేరే ఇల్లు చూద్దామంటే కోడలు ససేమిరా అంది. ఆయన వస్తే అడ్రసు ఎలా తెలుస్తుంది అంటుంది. వీధి తలుపు గడియ పెట్టనివ్వదు. ఒక సెలవునాటి మధ్యాహ్నం ఆ పిల్ల భర్త చొక్కాలన్నీ మిషను పక్కన పెట్టుకుని కుట్లు విప్పుతుంటే కెప్టెనమ్మ చూసింది.

“ఎందుకే వాటిని విప్పుతున్నావు?”

“పక్కలు లోపలికి పట్టి కుడుతున్నా అత్తయ్యా. వచ్చేసరికి చిక్కిపోయి ఉంటారుగా. ఆ పుస్తకంలో దీవిలో దొరికిన నావికుడు ఎముకల గూడులా వచ్చాడు, గుర్తులేదా?”

గుర్తులేకేం! ఆ ఎముకల గూడు ఏ రచయితా రాసింది కాదు. వేలు తడి చేసుకుంటూ తనే అల్లింది. కెప్టెనమ్మ మంచం మీద కూర్చుంది. “అమ్మాయ్, వాడు...” అని మొదలుపెట్టింది. కోడలు తలెత్తి చూసింది. ఆ మొహంలో భయం లేదు, అనుమానం లేదు. అత్తయ్య ఏదో మంచి మాట చెప్పబోతోందన్న నమ్మకమే ఉంది.

“ఏంటత్తయ్యా?”

“ఏం లేదు. టీ పెట్టనా?” అంది కెప్టెనమ్మ.

ఆ వారంలోనే కోడలి అన్నయ్య వచ్చాడు. అతనికి సముద్రం పొడ లేని ఊళ్ళో టైలరింగ్ షాపుంది. “రెండో మిషను ఖాళీగా ఉందమ్మా. నువ్వు కుడితే నాకూ ఊరట. అత్తయ్యగారినీ తీసుకొచ్చెయ్. ఇక్కడ ఈ గట్టు చూసుకుంటూ ఎన్నాళ్ళుంటావు?” అన్నాడు.

“ఆయన రాగానే ముగ్గురం వస్తాం అన్నయ్యా” అంది కోడలు, ఊరెళ్ళిన మనిషి గురించి చెప్పినట్టు.

వెళ్ళేటప్పుడు అతను గుమ్మం బయట చెప్పులేసుకుంటూ గొంతు తగ్గించాడు. “మీరు చెప్తేనే వింటుంది అత్తయ్యగారూ. వానలు తగ్గాక పని ముమ్మరం అవుతుంది, ఆ మిషను మీద ఎవరినో ఒకరిని కూర్చోబెట్టాలి. అది కాదు నా బాధ. పాతికేళ్ళు నిండని పిల్ల, ఇలాగే ఉండిపోతుందేమోనని. మీరే చెప్పాలి.”

చెప్పాలి. అది కెప్టెనమ్మకి తెలియక కాదు. తను చెప్పకపోతే ఆ పిల్ల చొక్కాలు బిగించుకుంటూ ముసలిదైపోతుంది. చెబితే కొడుకు నిజంగా పోతాడు. పొయ్యి ముందు, బట్టలుతికే రాయి ముందు, ఆ మాట ఎన్నోసార్లు నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోయింది.

షెడ్డులో చదవడం మధ్యలో కొన్నాళ్ళు ఆగింది గానీ, మళ్ళీ మొదలుపెట్టించింది కోడలే. పుస్తకాల షాపాయన కెప్టెనమ్మ మొహం చూసి బీరువా అంతా వెతికి ఒక నవల తీసిచ్చాడు. “ఇది తీసుకెళ్ళండమ్మా. చేపల పడవ కథే. ఇందులో ఎవరూ చావరు. ఈసారి మీకు పనిలేదు” అన్నాడు. ఇంటికెళ్ళి ముందే చివరి దాకా చదివి చూసుకుంది. ఆయన చెప్పింది నిజమే. కొత్తగా పెళ్ళైన కుర్ర జాలరి సగం కథలో సముద్రంలో తప్పిపోతాడు. చివరి అధ్యాయంలో క్షేమంగా ఇల్లు చేరతాడు. అతనికి ఒక తల్లి కూడా ఉంది, రచయిత ఆవిడకి రెండంటే రెండు మాటలు ఇచ్చాడు.

షెడ్డంతా ఆ కుర్రాడి మీద ప్రాణం పెట్టుకుంది. అతను తప్పిపోయిన రోజున అందరూ బిక్కమొహాలు వేస్తే, ధైర్యం చెప్పింది కోడలే. “ఏం కాదు, వస్తాడు చూడండి” అంది సూది ఆపకుండా. ఆ మాటతో కెప్టెనమ్మ మనసులో ఒక నిర్ణయం గట్టిపడింది.

ఆఖరి అధ్యాయం చదివే రోజు జోరున వాన. పడవలన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. షెడ్డులో ఎవరి మనిషీ ఆ రోజు నీళ్ళ మీద లేడు. రేకుల మీద చప్పుడుకి కెప్టెనమ్మ గొంతు పెంచి చదవాల్సి వచ్చింది. జాలరి భార్య ఒడ్డున చేపల బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. దూరంగా పడవ దిగి ఎవరో నడిచి వస్తున్నారు. గడ్డం పెరిగి ఉంది, బట్టలు చిరిగి ఉన్నాయి. ఆమె చేతిలోంచి బుట్ట జారిపోయింది. పుస్తకంలో ఆ తర్వాతి మాట “అతడే!” అని ఉంది.

కెప్టెనమ్మ వేలు తడి చేసుకోలేదు. పేజీ వైపు చూస్తూనే చదివింది.

“వచ్చినవాడు ఆమె భర్త కాదు. భర్తతో పాటు పడవలో వెళ్ళిన స్నేహితుడు. అతను ఇలా అన్నాడు. చెల్లెమ్మా, నేను అతని పక్కనే ఉన్నాను. ఇద్దరం ఒకే చెక్క పట్టుకుని తేలాం. ఒంటరిగా లేడు. నీ గురించి చెప్పాడు, వాళ్ళమ్మ గురించి చెప్పాడు. చలికి అతని చేతులు పట్టు తప్పాయి. నేను పిలిచాను, పలకలేదు. నొప్పి పడలేదు చెల్లెమ్మా. నిద్రపోయినట్టే పోయాడు.”

ఇవి ఆమె అప్పటికప్పుడు అల్లిన మాటలు కావు. ఎవరైనా వచ్చి తనతో ఇలా చెబితే బాగుండునని ఏడాదిగా ఆశపడుతున్న మాటలు. ఎవరూ రాలేదు కాబట్టి తనే చెప్పుకుంది.

షెడ్డులో సూదులన్నీ ఆగిపోయాయి. ముందుగా తేరుకున్నది రేడియో. “కెప్టెనమ్మా, సరిగ్గా చూడు. రెండు పేజీలు ఒకేసారి తిప్పేసినట్టున్నావు” అంది.

“సరిగ్గానే చూశాను.”

“అదేంటి, మన పుస్తకాల్లో ఎవరూ...”

“ఈ పుస్తకంలో పోయాడు” అంది కెప్టెనమ్మ.

కోడలు వల వదిలేసింది. అత్తగారి మొహంలోకి చూసింది. “అతనికి అమ్మ ఉందిగా అత్తయ్యా. ఆవిడకి తెలుసా?” అని అడిగింది.

“తెలుసు.”

“ఎప్పటి నుంచి?”

“పడవ దొరికిన రోజు నుంచి.”

“మరి కోడలికెందుకు చెప్పలేదు?”

కెప్టెనమ్మ పుస్తకం మీదకి కళ్ళు దించింది. అక్కడ ఈ ప్రశ్నకి జవాబు అచ్చు వెయ్యలేదు. “చెబితే నిజమైపోతుందని” అంది. “ఆ పిల్ల నమ్ముతున్నంతసేపు వాడు ఎక్కడో ఒకచోట ఉన్నట్టే ఉండేది. ఆ పిల్ల జీవితం ఖర్చుపెట్టి కొడుకుని బతికించుకుంది ఆ ముసలిది. తప్పే చేసింది.”

కోడలు లేచింది. వేలాడుతున్న వలల కింద నుంచి వంగి వచ్చి అత్తగారి వెనక నిలబడింది. భుజం మీదుగా పుస్తకంలోకి తొంగిచూసింది. కెప్టెనమ్మ పుస్తకం మూసెయ్యాలనుకుంది. కొయ్యబారిన వేళ్ళు కదల్లేదు, లేదా ఆమే కదిలించలేదు. ఆ పిల్ల “అతడే!” అన్న మాట దగ్గర ఆగింది. కిందికి చదివింది. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకుని ఏడ్చారు, ఊరంతా పరుగెత్తుకొచ్చింది, తల్లి కొడుకు తల నిమిరింది. అంతా చదివి, మళ్ళీ మొదటి నుంచి ఇంకోసారి చదివింది. అన్నేళ్ళుగా వంటవాళ్ళూ దొంగలూ ఎలా బతుకుతూ వచ్చారో, ఇవాళ బతకాల్సినవాడు ఎందుకు పోయాడో, ఆమెకి అక్కడే అర్థమైంది.

“ఏముందే అక్కడ?” అని అరిచినట్టే అడిగింది రేడియో. “రెండు పేజీలు తిప్పేసిందా?”

కోడలు వంగి పుస్తకం తీసుకుని మూసింది.

“లేదు వదినా” అంది. “అత్తయ్య చదివినట్టే ఉంది.”

తర్వాత నేల మీద కూర్చుని, అత్తగారి మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. పడవ పోయిన నాటి నుంచి ఆ పిల్ల కంట్లో తడి ఎవరూ చూడలేదు. ఇప్పుడు వాన చప్పుడు మించి ఏడ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఎవరూ ఓదార్చబోలేదు. రేడియో కూడా నోరు మూసుకుని కొంగుతో మొహం తుడుచుకుంది.

“అన్నయ్యకి ఫోన్ చెయ్యి అత్తయ్యా” అంది కోడలు తల ఎత్తకుండానే. “ఇద్దరం వస్తున్నామని చెప్పు.”

“సరే” అంది కెప్టెనమ్మ. వంగని వేళ్ళని ఆ పిల్ల తల మీద పెట్టింది. కొడుకు కోసం ఆమె ఏడవడం అదే మొదలు.